ఆటోనగర్‌లో కూర్చుని హిల్ క్లైంబ్ రేసింగ్

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్లో పనిచేస్తాను. మా కుర్రాళ్ల ఫోన్లలో ఆటలు నెలకొకటి వస్తుంటాయి, పోతుంటాయి. నా ఫోన్లో మాత్రం ఏళ్ల తరబడి కదలకుండా ఉన్నది హిల్ క్లైంబ్ రేసింగ్ ఒక్కటే. 2012 నాటి ఆట. ఫిన్లాండ్‌లో ఊలు అనే ఊళ్లో ఉన్న ఫింగర్‌సాఫ్ట్ కంపెనీది.

పేరులో రేసింగ్ ఉంది గానీ మొదటి భాగంలో పక్కన పోటీకి వచ్చే బండే ఉండదు. బిల్ న్యూటన్ అనే డ్రైవరు, అతని జీపు, ముందంతా గుట్టలూ గుంతలూ. స్టీరింగ్ లేదు, గేర్లు లేవు. ఎడమ బొటనవేలికి బ్రేకు, కుడి బొటనవేలికి గ్యాసు, అంటే యాక్సిలరేటర్. జీపు తిరగబడి బిల్ తల నేలకు తగిలిందా, ఆట అక్కడితో ఖతం. మెడ విరిగిన ఆ క్షణాన్ని ఫొటో తీసి మరీ చూపిస్తుంది. మొదట్లో నవ్వొస్తుంది, తర్వాత ఒళ్లు మండుతుంది.

నన్ను ఇన్నాళ్లు పట్టి ఉంచింది మాత్రం గాల్లో బండి తిరిగే తీరు. గుట్ట మీంచి ఎగిరినప్పుడు గ్యాసు నొక్కితే ముక్కు పైకి లేస్తుంది, బ్రేకు నొక్కితే కిందికి వాలుతుంది. ఇదేదో ఆట కోసం అల్లిన మాయ అనుకుంటారు చాలామంది. కాదు. చక్రం ఉన్నట్టుండి జోరుగా తిరిగితే బండి బాడీ దానికి ఎదురు దిక్కున తిరగబోతుంది. మట్టి ట్రాకుల మీద బైకులు ఎగరేసేవాళ్లు, గాల్లో ముందు చక్రం మరీ కిందికి పోతుంటే యాక్సిలరేటర్ తిప్పేది అందుకే. నిజం జీపులో ఇంత తిరుగుడు ఉండదనుకోండి, ఆటలో బాగా పెంచారు. పెంచబట్టే పల్టీలు కొట్టి కాయిన్లు సంపాదించగలుగుతున్నాం.

ఆ కాయిన్లతో ఇంజను, సస్పెన్షను, టైర్లు, ఫోర్ వీల్ డ్రైవ్ పెంచుకోవాలి. అందరూ ముందు ఇంజను మీద పడతారు. మా పక్క షెడ్డు మేస్త్రి ఒకరోజు నా భుజం మీంచి చూసి, "ముందు కట్టలు చూసుకోరా అబ్బాయ్, ఇంజను ఎక్కడికి పోద్ది?" అన్నాడు. ఆయన ఫోన్లో ఆట ఆడినవాడు కాదు, లారీలకు సస్పెన్షనుగా ఉండే కమాన్ కట్టలు మార్చి మార్చి ఆ మాట అన్నాడు. ఆటలోనూ అదే నిజం. సస్పెన్షను పాతదే ఉంచి ఇంజను పెంచితే ఎక్కుడులో ముందు చక్రాలు లేచిపోయి జీపు వెనక్కి బోర్లాపడుతుంది. సస్పెన్షను, టైర్లు కాస్త పెంచాక గానీ ఇంజను బలం నేలకు దిగదు.

స్టేజీల్లో ఆర్కిటిక్ నాకు పడదు. మంచు మీద జారుడు సరే, ఎక్కుడు మధ్యలో ఆగితే మళ్లీ కదలడం గగనం. చందమామ మీద ఆడటం మాత్రం హాయి. గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి ఎగిరితే దిగడానికి చాలాసేపు పడుతుంది, ఆ లోపు ఎన్ని పల్టీలైనా కొట్టొచ్చు. దిగేటప్పుడు చక్రాల మీద దిగాలి, అంతే. దూరం పోయేకొద్దీ పెట్రోలు క్యాన్లు ఎడమెడంగా వస్తాయి కాబట్టి పల్టీల మోజులో క్యాను మీంచి ఎగిరిపోతే కథ ముగిసినట్టే.

ఆట ఉచితం కాబట్టి ప్రకటనలు ఉంటాయి. కాయిన్లు రెట్టింపు కావాలంటే వీడియో చూడమంటుంది. నేను గుంటూరు ప్యాసింజర్ ఎక్కగానే డేటా ఆపేస్తాను. నెట్ లేకపోయినా ఆట సాగుతుంది, అదే దీని పెద్ద గుణం. మే నెల మధ్యాహ్నం బెజవాడలో ఆడాలంటే చెమటకు బొటనవేలు బ్రేకు మీంచి జారుతుంది. దానికి ఆటను అనలేం, జేబులో కర్చీఫ్ ఉంటే చాలు.

2016లో వచ్చిన రెండో భాగంలో అసలైన రేసులున్నాయి. బొమ్మలు బాగున్నాయి, బండ్లకూ డ్రైవర్లకూ సోకులు ఎక్కువ. ఎదురుగా ఉరికే ప్రత్యర్థి అప్పుడే మనతో ఆడుతున్న మనిషి కాదు, ఎవరో ఎప్పుడో ఆడిన పరుగును మన ముందు మళ్లీ నడిపిస్తారు. గెలిస్తే వచ్చే బహుమతి పెట్టెలు తెరుచుకోవడానికి గంటలు పడుతుంది, ఆగలేకపోతే జెమ్స్ అనే ఆటలోని రత్నాలు ఖర్చు పెట్టాలి. పోటీ అంటే సరదా ఉన్నవాళ్లకు అది నచ్చుతుంది. నాకు టీ వచ్చేలోపు ఒక ఆట ముగియాలి, పెట్టె కోసం కాచుకునే ఓపిక లేదు.

కొత్తగా ఎక్కించుకునేవాళ్లు మొదటి కాయిన్లన్నీ బైకు కొనడానికి తగలేయకండి. రెండు చక్రాల మీద తల నేలకు తగలడం ఇంకా సులువు. ఆ జీపునే కొన్నాళ్లు నడపండి, ఎక్కుడులో గ్యాసు ఎప్పుడు వదలాలో చేతికి తెలిశాక వేరే బండి సంగతి చూడొచ్చు.