గర్భిణికి ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అనుమానం: సీటీనా, వీక్యూ స్కానా?

ఏడో నెలలో మెట్లెక్కితే ఆయాసం రావడం మామూలే. కూర్చున్నచోటే ఉన్నట్టుండి ఊపిరి ఆడకపోయినా, గాలి పీల్చినప్పుడల్లా ఛాతీలో పొడిచినట్టున్నా అది వేరే సంగతి. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ చేరిందేమో వెంటనే చూడాలి. అందుకు సీటీ గానీ, ఊపిరితిత్తుల్లో రక్తం, గాలి ఎలా అందుతున్నాయో చూసే వీక్యూ స్కాన్ గానీ తీస్తారు. స్కాన్ అనగానే తల్లి అడిగే మొదటి మాట, "బిడ్డకేమన్నా అవుతుందా?"

ముందు ఆ టెన్షన్ తీరాలి. ఏ స్కాన్ తీసినా బిడ్డకు చేరే రేడియేషన్ మామూలుగా 1 మిల్లీగ్రే (రేడియేషన్ మోతాదు కొలత) లోపే. 50 మిల్లీగ్రేల లోపు మోతాదులతో అవయవ లోపాలు గానీ, గర్భస్రావం గానీ పెరిగినట్టు కనబడలేదు. కాబట్టి బిడ్డ కోసమని రెండింట్లో ఒకదాన్ని వద్దనుకోనక్కర్లేదు.

తేడా అంతా తల్లి విషయంలోనే. సీటీలో కిరణాలు రొమ్ముల మీదుగా వెళ్తాయి. కొత్త మెషిన్లలో మోతాదు బాగా తగ్గినా, వీక్యూతో పోలిస్తే ఇప్పటికీ చాలా రెట్లు ఎక్కువే. వీక్యూలో టెక్నీషియం అనే కొద్దిపాటి రేడియేషన్ ఉన్న మందును నరంలోకి ఎక్కించి, ఊపిరితిత్తుల్లో రక్తం ఎక్కడెక్కడికి అందుతోందో చూస్తారు. రక్తం అంతటా సరిగ్గా అందుతుంటే గాలి పీల్చే రెండో భాగం చేయాల్సిన పనే ఉండదు.

అయితే వీక్యూకి ఒక షరతుంది. ముందు తీసే ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉండాలి. న్యుమోనియా లాంటిది ఉంటే ఫలితం అటూ ఇటూ కాకుండా వస్తుంది. అప్పుడు సీటీయే మేలు, గడ్డ లేకపోతే ఆయాసానికి అసలు కారణం కూడా అందులో చాలాసార్లు దొరుకుతుంది. పైగా అర్ధరాత్రి వీక్యూ చేసే చోట్లు తక్కువ.

సీటీలో ఒక చిన్న విషయం ఫలితాన్నే మార్చేస్తుంది. గర్భిణి గట్టిగా ఊపిరి పీల్చి ఆపితే, శరీరం కింది భాగం నుంచి కాంట్రాస్ట్ (రక్తనాళాలు స్పష్టంగా కనబడేందుకు నరంలోకి ఎక్కించే మందు) కలవని రక్తం ఒక్కసారిగా గుండెకు చేరి మందును పలచన చేస్తుంది. బొమ్మ సరిగ్గా రాదు, మళ్లీ తీయాల్సి రావచ్చు. అందుకే మామూలుగా పీలుస్తూ, ఉన్నచోటే ఊపిరి ఆపమంటారు.

ఒక కాలు వాచి నొప్పిగా ఉంటే మాత్రం ఈ రెండింటికన్నా ముందు కాలి డాప్లర్, అంటే రక్తనాళాల అల్ట్రాసౌండ్. గర్భిణుల్లో ఎక్కువగా ఎడమ కాలే. డాప్లర్‌లో రేడియేషన్ లేదు. గడ్డ అక్కడే దొరికితే వైద్యం ఎలాగూ అదే కాబట్టి ఛాతీ స్కాన్ చాలాసార్లు అక్కర్లేదు. దొరకలేదంటే మాత్రం ఊపిరితిత్తుల్లోనూ లేదని కాదు.

రక్తపరీక్షలో చూసే డీ-డైమర్ (గడ్డలు కరిగేటప్పుడు రక్తంలో చేరే పదార్థం) గర్భంలో మామూలుగానే పెరుగుతుంది, అది ఎక్కువ ఉన్నంత మాత్రాన గడ్డ ఉన్నట్టు కాదు. కానీ లక్షణాలతో కలిపి చూస్తే పనికొస్తుంది. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో అలా చూసి 39 శాతం మందికి సీటీ లేకుండానే గడ్డ లేదని తేల్చగలిగారు. ఎమ్మారై సంగతికొస్తే, అందులో వాడే కాంట్రాస్ట్ మందు గడోలినియాన్ని గర్భంలో సాధారణంగా వాడరు కాబట్టి దాన్ని పక్కన పెట్టొచ్చు.

నా మాట ఇది: ఎక్స్‌రే బాగుండి, తల్లి నిలకడగా ఉండి, వీక్యూ ఇవాళే దొరికితే అదే మేలు. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా సీటీకి వెనకాడొద్దు. స్కాన్ ఆలస్యమయ్యేలా ఉంటే రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇంజెక్షన్ ముందే మొదలుపెట్టొచ్చా అని డాక్టర్‌ని అడగండి. అది మాయ దాటి బిడ్డకు చేరదు.