గడువు పొడిగింపా, పిల్లల సంరక్షణకు సాయమా?

పిల్లలు పుట్టిన తర్వాత పరిశోధకురాళ్లు వృత్తిలో వెనుకబడకుండా చూసేందుకు సంస్థలు అనుసరిస్తున్న మార్గాల్లో రెండు ముఖ్యమైనవి: శాశ్వత నియామకం పొందడానికో పరిశోధన నిధులకు దరఖాస్తు చేయడానికో ఉన్న గడువును పొడిగించడం, పిల్లల సంరక్షణకూ ఇంటిపనికీ అయ్యే ఖర్చులో పాలుపంచుకోవడం.

గడువు పొడిగింపు సంస్థకు పెద్దగా ఖర్చులేని పని. అది అంతగా వ్యాపించడానికి బహుశా అదే కారణం. అయితే అమెరికాలోని అగ్రశ్రేణి అర్థశాస్త్ర విభాగాలపై 2018లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, తల్లులకూ తండ్రులకూ ఒకే రీతిలో అదనపు సమయం ఇచ్చిన చోట్ల పురుషులకు శాశ్వత నియామకాలు పెరగగా మహిళలకు తగ్గాయి, ఎందుకంటే ఆ వెసులుబాటుతో పురుషులు పేరున్న పత్రికల్లో మరిన్ని వ్యాసాలు ప్రచురించగలిగారు. పరిశోధనలకు నిధులిచ్చే ఐరోపా పరిశోధనా మండలి తల్లికి ఒక్కో బిడ్డకు 18 నెలల పొడిగింపు ఇస్తూ, తండ్రి విషయంలో ఆయన నిజంగా తీసుకున్న సెలవునే లెక్కిస్తూ వచ్చింది. ఇది మెరుగైన పద్ధతి.

రెండో మార్గానికి మంచి ఉదాహరణ జర్మనీలో ఉంది. 1995లో నోబెల్ అందుకున్న జీవశాస్త్రవేత్త క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్హార్ట్ 2004లో స్థాపించిన ఫౌండేషన్, పిల్లలున్న యువ మహిళా శాస్త్రవేత్తలకు ఇంటిపనికీ పిల్లల సంరక్షణకూ మనుషులను పెట్టుకునేందుకు ఆర్థిక సాయం చేస్తుంది. ప్రయోగశాలలో పెంచే కణాలకు ఆదివారం సెలవుండదు కాబట్టి, ఏడాది తర్వాత దొరికే గడువు కంటే ఈ సాయంత్రం దొరికే రెండు గంటలే ఎక్కువ విలువైనవని నా అభిప్రాయం. కాకపోతే ఇలాంటి సాయం ఎంపికైన కొద్దిమందికే అందుతుంది. పిల్లల పెంపకంలో తండ్రి పంచుకునే బాధ్యతను అది పెంచదు.