గేర్ ఆయిల్ పక్క నుంచి పోయాలా, పై నుంచా?

గేర్‌బాక్స్‌లో పాత ఆయిల్ దించడం పెద్ద పనేం కాదు, డ్రెయిన్ ప్లగ్ అడుగునే ఉంటుంది. కొత్తది ఎక్కడ పోయాలన్నదే తంటా. దారులు రెండు: పక్కనుండే ఫిల్లర్ ప్లగ్ ఒకటి, కొన్ని కార్లలో పైనుండే రివర్స్ లైట్ స్విచ్ రంధ్రం ఇంకొకటి.

ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో గేర్‌బాక్స్ ఎక్కువగా ఎడమ ముందు చక్రం వైపు ఉంటుంది. ఆ చక్రం విప్పి టార్చి వేస్తే, కేసింగ్ పక్కన సగం ఎత్తులో లావాటి ప్లగ్ కనిపిస్తుంది. దాని చుట్టుపక్కల చిన్న బోల్టుల జోలికి పోకండి. కొన్నిటి వెనక గేరును పట్టి ఉంచే స్ప్రింగు, గోళీ ఉంటాయి. విప్పితే జారిపడతాయి, ఆ తర్వాత టెన్షన్ మీదే.

ఈ ప్లగ్‌తో సుఖమేమిటంటే చాలా మోడళ్లలో లెవెల్ కూడా అదే చెబుతుంది. రంధ్రం కింది అంచు దాటి ఆయిల్ కారితే నిండినట్టే. కాకపోతే చక్రం మళ్లీ బిగించి, జాకీ దించి, బండి చదునుగా ఉన్నప్పుడు చూడాలి. విశాఖ వాలు వీధుల్లో కుదరదు, అపార్ట్‌మెంట్ సెల్లారే నయం. సీసా వంచే చోటుండదు కాబట్టి బానెట్ పైనుంచి గరాటు, పొడుగు పైపు పెట్టుకోవాలి.

అసలు చిక్కు మన సముద్రపు గాలితో. ఉప్పు తేమకి ఇనుప ప్లగ్ అల్యూమినియం కేసింగ్‌లో బిగుసుకుపోతుంది. అందుకే ఫిల్లర్ ఊడేదాకా డ్రెయిన్ ముట్టుకోకూడదు. ఉన్న ఆయిల్ దించేశాక ఇది రాకపోతే బండి కదలదు.

పై దారిలో నడుం నొప్పి లేదు. వైరు లాగి, స్విచ్ విప్పి, గరాటు పెట్టడమే. కానీ నిండిందో లేదో తెలియదు. మాన్యువల్‌లో చెప్పినంత కొలిచి పోయాలి, చిన్న కార్లకు సుమారు 2 లీటర్లు. దించినంతే పోస్తే చాలనుకోకండి, సీల్ కారుతుంటే దించింది అసలే తక్కువ. పైగా పాత స్విచ్ ప్లాస్టిక్ పుటుక్కున విరుగుతుంది.

నేనైతే పక్క ప్లగ్‌కే మొగ్గుతాను, అరకు ఘాట్ ఎక్కి దిగే బండైతే మరీను. ప్లగ్ మొండికేస్తే పై దారి తప్పదు. ఎటు పోసినా మాన్యువల్‌లో ఆయిల్ గ్రేడు జీఎల్-4 అని ఉంటే అదే కొనండి. కొన్ని జీఎల్-5 ఆయిళ్లు, గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తాయి. ప్లగ్ తల అరిగి పానా జారుతుంటే మాత్రం సుత్తి ఎత్తకుండా గాజువాక ఆటోనగర్‌కి తీసుకెళ్లి, విప్పించి కొత్త ప్లగ్, కొత్త వాషర్ వేయించండి.