నాన్న బుల్లెట్ కి కొత్త హ్యాండిల్: ఆటోనగర్ లో వేయించుకున్న పని మీద నా రివ్యూ

మా నాన్న 1988లో కొన్న బుల్లెట్ 350 ఇప్పుడు నేను తోలుతున్నా. కుడి కాలికి గేరు, ఎడమ చేతి దగ్గర డీకంప్రెషర్ లివరు (కిక్ కొట్టే ముందు ఇంజిన్ లో ఒత్తిడి వదిలేది), హెడ్‌లైట్ పైన బ్యాటరీ ఛార్జింగ్ చూపించే ఆంపియర్ మీటరు, అంతా తిరువొత్తియూరు ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంచా. హ్యాండిల్ ఒక్కటే మార్చక తప్పలేదు. ఏలూరు నుంచి బెజవాడ 60 కిలోమీటర్లు వెళ్ళేసరికి భుజాలు పట్టేసి చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, పాత హ్యాండిల్ నా ఎత్తుకి బాగా కిందకి ఉంది, ముందుకి వంగే తోలాలి.

మొదట ఆన్‌లైన్ లో ఒకటి తెప్పించా, 1,450 రూపాయలు, అన్ని బుల్లెట్లకీ సరిపోద్ది అని రాశారు. మా ఊళ్ళోనే ఒకాయన అరగంటలో బిగించేశాడు. చూడ్డానికి తళతళా మెరుస్తా భలే ఉంది గానీ హనుమాన్ జంక్షన్ దగ్గర లారీ అడ్డం వచ్చి గట్టిగా బ్రేక్ వేస్తే హ్యాండిల్ దాన్ని బండికి పట్టి ఉంచే క్లాంపుల్లోనే జారి ముందుకి వాలిపోయింది. వెనకాల మా ఆవిడ కూర్చుని ఉంది. నిదానంగా వెళ్తున్నాం కాబట్టి పక్కకి ఆపగలిగా, అదే 70లో ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు తల్చుకున్నా ఒళ్ళు జలదరిస్తది.

ఆ తర్వాత తెలిసినాయన చెప్తే బెజవాడ ఆటోనగర్ లో ఈ షెడ్డుకి వెళ్ళా. బోర్డు కూడా ఉండదు, రేకుల షెడ్డు, లోపల అన్నీ పాత బుల్లెట్లే. మేస్త్రీ గారికి అరవై దాటి ఉంటాయి. నా హ్యాండిల్ ఊడదీసి మధ్యలో క్లాంపు పట్టే చోట బొటనవేలితో రాసి చూసి నా వేలు కూడా పట్టుకుని అక్కడ పెట్టారు. "చూడు బాబూ, గాజు గొట్టంలా ఉంది, ఇక్కడ గరుకు ఉండాలి, అదే పట్టు" అన్నారు. నర్లింగ్ అంటారంట, పాత కంపెనీ హ్యాండిల్ మీద ఆ గీతలు ఇప్పటికీ గోటికి తగుల్తాయి. నేను కొన్నదాని మీద ఒక్క గీత లేదు, దానికితోడు పైపు కూడా పల్చన.

ఈయన దగ్గర నాకు అన్నిటికంటే నచ్చింది ఏంటంటే హ్యాండిల్ ముందు చూపించలేదు, ముందు నన్ను బండెక్కించారు. కుర్రాడు బండి నిలబెట్టి పట్టుకున్నాడు, కళ్ళు మూసుకుని చేతులు ఎక్కడ సుఖంగా పడితే అక్కడ పెట్టమన్నారు, పాత హ్యాండిల్ నుంచి అక్కడికి టేపు పెట్టి కొలిచారు. 2 అంగుళాలు పైకి, ఒకటిన్నర వెనక్కి. ఆ కొలతకి దగ్గరగా ఉన్నవి మూడు తెచ్చి పైపు లావు కొలిచే వెర్నియర్ తో చూసి ఒకటి పక్కన పెట్టారు. మన పాత బుల్లెట్ క్లాంపుకి 22 ఎంఎం పైపే కూర్చుంటది. 25.4 ఎంఎంవి, మధ్యలో 28.6 ఉండే లావువి కొనుక్కొచ్చి క్లాంపు అరగదీసి పెట్టమని అడిగేవాళ్ళు చాలామంది అంట, ఆయన చెయ్యరు.

ఇంక కేబుళ్ళు. హ్యాండిల్ పైకి లేస్తే క్లచ్చు, ముందు బ్రేకు, యాక్సిలేటరు మూడిటికీ కేబుల్ చాలదు, మా ఊళ్ళో ఆయన అది వదిలేసి పాతవే లాగి కట్టాడు. ఇక్కడ మూడూ 3 అంగుళాలు పొడుగ్గా కొత్తగా తయారు చేశారు. లోపలి తీగ చివర నిప్పిల్ (లివర్లో కూర్చునే చిన్న లోహపు ముక్క) లోంచి దూర్చి, పోగులన్నీ పువ్వు విచ్చుకున్నట్టు విప్పి, అప్పుడు టంకం కరిగించి నింపారు, అలా విప్పితేనే నిప్పిల్ లోంచి తీగ జారి రాదంట. నేను స్టూలేసుకుని కూర్చుని అంతా చూశా. అయ్యాక ఇంజిన్ స్టార్ట్ చేసి న్యూట్రల్ లో పెట్టి హ్యాండిల్ ఎడమ చివరికి, కుడి చివరికి తిప్పారు. కుడికి తిప్పినప్పుడు ఇంజిన్ సౌండు కొంచెం పెరిగింది. అంటే యాక్సిలేటర్ కేబుల్ లాగుతోంది, మలుపులో దానంతటదే రేజ్ అవుద్ది. మళ్ళీ ఊడదీసి కేబుల్ దారి మార్చి, రెండు వైపులా సౌండు మారకుండా వచ్చాకే వదిలారు. చెయ్యి ట్యాంకుకి తగుల్తుందేమో కూడా అప్పుడే చూసుకోమన్నారు.

వైర్ల కోసం హ్యాండిల్ కి బెజ్జాలు కొట్టలేదు, కొడితే పైపు బలం తగ్గుద్దని కింద నుంచి టేపేసి లాగారు. క్లాంపు బోల్టులు ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా, ముందూ వెనకా సందు సమానంగా ఉండేలా బిగించారు. డీకంప్రెషర్ లివరు మీద నాన్న వేలు పడే చోట క్రోమ్ పోయి నున్నగా అరిగిపోయింది, కొత్తది వెయ్యమంటారేమో అనుకున్నా, ఆయన కిరసనాయిల్ తో తుడిచి అదే పెట్టేశారు. నేను అడగకుండానే. ఆ ఒక్కదానికే ఆయనకి దణ్ణం పెట్టొచ్చు.

హ్యాండిల్ 1,900, మూడు కేబుళ్ళు 600, కూలి 1,500, మొత్తం 4,000 అయింది. నా లెక్కలో ఇది ఎక్కువ కాదు.

నచ్చనివి కూడా చెప్పాలి. సాయంత్రానికి ఇస్తానని రెండో రోజు మధ్యాహ్నం ఇచ్చారు, నేను ఏలూరు నుంచి రెండుసార్లు తిరగాల్సొచ్చింది. బిల్లు ఇవ్వరు, చీటీ మీద రాసిస్తారు. వాళ్ళేసిన గ్రిప్పులు బాలేవు, ఎండకి చేతికి అంటుకుంటున్నాయి, నేను మార్పించేసుకున్నా. 60 దాటితే అద్దాలు బాగా వణికాయి, వెనక ఏమొస్తుందో కనపడదు. 200 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ రమ్మన్నారు కదా అని వెళ్తే హ్యాండిల్ చివర్లలో బరువులు పెట్టారు, వణుకు చాలావరకు తగ్గింది. క్లాంపు బోల్టులు కూడా పావు చుట్టు బిగిశాయి, ఆ రెండోసారి వెళ్ళడం మాత్రం ఎవరూ మానకండి. దానికి డబ్బులు తీసుకోలేదు.

ఇంకోటి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. నాది చిన్న మార్పే అయినా 2028లో ఆర్సీ రెన్యువల్ ఉంది, అందుకని పాత హ్యాండిల్ కి నూనె రాసి గుడ్డ చుట్టి అటక మీద దాచా. అలాగే దాచమని మేస్త్రీ గారే చెప్పారు.

మొన్న ఆదివారం బెజవాడ వెళ్ళొచ్చా, ఎక్కడా ఆగలేదు, భుజం లాగలేదు. మీరెవరైనా వెళ్తే పొద్దున్నే వెళ్ళండి, పదింటి తర్వాత జనం ఎక్కువ. పాత హ్యాండిల్ ఊడదీసి ఉంటే తప్పకుండా చేత పట్టుకెళ్ళండి, కొలత దాన్నుంచే మొదలుపెడతారు.