సీఐడీ: బ్రేకులో చెప్పడానికి కథ లేకుండా పోయింది

సీఐడీ అనే హిందీ పోలీసు సీరియల్‌ని నేను చూసింది తక్కువ, మా నాన్నకి చెప్పింది ఎక్కువ.

మాది విశాఖ ఉక్కునగరం క్వార్టర్సు. నాన్నకి స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. శుక్రవారం రాత్రి పదింటికి సోనీలో సీఐడీ. పొద్దుటి డ్యూటీ, అంటే 'ఏ' షిఫ్టు వారమైతే ఇద్దరం మొదట్నుంచీ కూర్చునేవాళ్ళం. రాత్రి డ్యూటీ 'సి' షిఫ్టు అయితే ఆయన లేనట్టే. చిక్కంతా బి షిఫ్టుతోనే. దిగేదే పదింటికి. స్కూటరు చప్పుడు వినపడేసరికి పదిన్నర కావచ్చేది. అప్పటికి శవం దొరికి, ల్యాబుకి వెళ్ళి, ముగ్గురు అనుమానితులు తేలి ఉండేవారు. చెప్పులు విప్పుతూనే "ఎవరమ్మా పోయారు?" అని అడిగేవారు. యాడ్స్ పడగానే నేను అందుకునేదాన్ని.

ఆయన ఊరికే వినే రకం కాదు. "తలుపు లోపల గడియా, బయట గడియా?" "వంటమనిషి చూశానన్నాడు సరే, వాడు నిలబడ్డ చోటు నుంచి ఆ గది కనపడుతుందా?" నేను సరిగ్గా చూడకపోతే అక్కడే దొరికిపోయేదాన్ని. రెండో బ్రేకు అయ్యేలోపు ఇద్దరం హంతకుడి పేరు చీటీ మీద రాసి రిమోటు కింద పెట్టాలి. ఓడినవాళ్ళు ఆదివారం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ కొనాలి. నేను ఓడినా డబ్బులు ఆయనవే అనుకోండి.

ఇరవై ఏళ్ళకి పైగా నడిచిన సీరియల్ గురించి చెప్పడానికి నా దగ్గరున్న కొలత ఇదొక్కటే: బ్రేకులో కథ చెప్పడానికి ఎంతసేపు పట్టేది?

మొదట్లో బ్రేకు చాలేది కాదు. 1998 జనవరి 21న మొదలైన సీరియల్ ఇది, దర్శకుడు బి.పి. సింగ్. తొలినాళ్ళలో ఆశుతోష్ గోవారికర్ కూడా ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఆ పాత ఎపిసోడ్లని తర్వాత రిపీట్లలో పట్టుకుని చూశాను. మనుషులు మెల్లగా మాట్లాడతారు. పక్కింటివాళ్ళని, పాలవాడిని, వాచ్‌మన్‌ని విడివిడిగా అడుగుతారు. ఒకడు చెప్పింది ఇంకొకడు చెప్పినదానితో పొసగదు. ఆ పొసగని చోటే మా చీటీలకి ఆధారం. శివాజీ సాటమ్ ఏసీపీ ప్రద్యుమన్‌గా చెయ్యి పైకెత్తి వేళ్ళు తిప్పుతూ ఆలోచనలో పడ్డారంటే, ఆయనకి తట్టింది మనకీ తట్టి ఉండాలన్నమాట. తట్టకపోతే తప్పు మనది.

2004లో ఒక ఎపిసోడ్ మొత్తం 111 నిమిషాలు ఒకే షాట్‌లో తీశారు. రికార్డు కోసమే తీశారు, నిజమే. కానీ నాన్న దాన్ని వేరేగా చూశారు. "కట్ చెయ్యలేదంటే కెమెరా వెనక ఏదీ దాచలేదన్నట్టు. మనం చూసిందే వాళ్ళూ చూశారు" అన్నారు. క్రైమ్ కథకి అంతకంటే మంచి నియమం నేను ఇప్పటికీ వినలేదు.

సీఐడీ తప్పింది సరిగ్గా ఆ నియమాన్నే. ఒక్క రోజులో కాదు, ఏళ్ళ తరబడి, కొంచెం కొంచెంగా.

ఏసీపీ టీములోని ఇన్‌స్పెక్టరు దయ తలుపులు పగలగొట్టడం మీద నాకేం ఫిర్యాదు లేదు. అదొక సరదా. మా తమ్ముడు బాత్రూం తలుపు మీద ప్రయోగం చేసి భుజానికి వారం రోజులు కట్టు కట్టించుకున్నాడు. అదే టీములోని ఫ్రెడ్రిక్స్ జోకులు కూడా నాన్నకి ఇష్టమే. నాకు మొదట విసుగు పుట్టింది ల్యాబుతో. ఫోరెన్సిక్ డాక్టర్ సాళుంఖే పాత్ర ముందు శవాన్ని చదివి చెప్పేది. పోనుపోను రంగు నీళ్ళ గాజు గొట్టాలు, బీప్‌మనే కంప్యూటరు ఎక్కువైపోయాయి. ఒక వెంట్రుక పెడితే నిమిషంలో మనిషి ఫోటో తెర మీదకి వచ్చేది. యంత్రమే పేరు చెప్పేస్తుంటే ఇక వాచ్‌మన్‌ని అడగడం దేనికి? అడగడం మానేశారు కూడా.

ఆ తర్వాత ఇంకో జబ్బు పట్టుకుంది. హంతకుడు ఆఖరి బ్రేకు తర్వాత దిగేవాడు. అప్పటిదాకా మొహం చూపించని మనిషి! మధ్యలో ఒకసారి ట్రే పట్టుకుని అటు నుంచి ఇటు నడిచి ఉంటే అదే గొప్ప. మా చీటీల మీద మేం పేర్లు రాయడం మానేసి "ఇంకా రాలేదు" అని రాయడం మొదలుపెట్టాం. ఇద్దరం అదే రాస్తే గెలిచిందెవరు? మురీ మిక్చర్ పందెం అక్కడే ఆగిపోయింది.

ఇక చెంపదెబ్బ. దయ ఒకటి వేస్తాడు, వాడు మొత్తం ఒప్పేసుకుంటాడు, ఏసీపీ ఉరిశిక్ష ఖాయం అంటాడు, అయిపోయింది. మా పక్క క్వార్టర్సులో ఉండే లాయరు బాబాయి ఆ సీను వచ్చిందంటే చాలు నవ్వాపుకోలేకపోయేవారు. పోలీసు అధికారి దగ్గర ఒప్పుకున్న మాట నిందితుడి మీద సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఉండేది, 25వ సెక్షన్. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలోనూ అది 23వ సెక్షన్‌గా ఉంది. వాడు చెప్పిన దాన్ని బట్టి వెళ్తే కత్తి దొరికిందనుకోండి, అంతవరకు ఆ మాట పనికొస్తుంది. అంటే కత్తి వెతకాలి. పాత ఎపిసోడ్లలో వెతికేవాళ్ళు! కథంతా ఆ వెతుకులాటే. చెంపదెబ్బ వచ్చాక వెతుకులాట పోయింది.

మధ్యలో దెయ్యాలు, శాపాలు, ముసుగు మనుషులు కూడా వచ్చి వెళ్ళారు. వాటి గురించి రాయడం దండగ.

ఒక బి షిఫ్టు రాత్రి నాన్న వచ్చి ఎప్పటిలాగే అడిగారు. "ఒకావిడ పోయింది. ల్యాబులో ఏదో తేలుతుంది" అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. అన్నం పెట్టుకుని, కంచం పట్టుకుని వంటింట్లోనే కూర్చున్నారు. బ్రేకు ఇంకా సగం మిగిలే ఉంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. రోజుల తరబడి కరెంటు లేదు, కేబులు లేదు. అన్నీ తిరిగొచ్చాక అమ్మ తన సీరియళ్ళలో ఏమేం జరిగిపోయిందో పక్కింటావిణ్ణి అడిగి తెలుసుకుంది. సీఐడీలో ఏం పోయిందని మా ఇద్దరిలో ఎవరికీ అనిపించలేదు. 2018 అక్టోబరు 27న 1,547 ఎపిసోడ్లతో ఆపేశారని వార్త చూసినప్పుడు, ఇంకా నడుస్తోందా అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది.

2024 డిసెంబరులో మళ్ళీ మొదలైతే ఆశగా కూర్చున్నాను. అబద్ధమెందుకు, పాత మ్యూజిక్ వినగానే ఒళ్ళు పులకరించింది. సాటమ్, అభిజీత్‌గా ఆదిత్య శ్రీవాస్తవ, దయగా దయానంద్ శెట్టి ముగ్గురూ ఉన్నారు. ఫ్రెడ్రిక్స్ లేడు, ఆ పాత్ర వేసిన దినేష్ ఫడ్నిస్ 2023 డిసెంబరులో పోయారు. తీయడం బాగుంది, వెలుతురు బాగుంది. కానీ కేసు కంటే వీళ్ళ సొంత పగలే ఎక్కువ. నాకు కావలసింది అభిజీత్, దయల మధ్య గొడవ కాదు, గడియ లోపలుందా బయటుందా అన్నది. నాలుగైదు ఎపిసోడ్లు చూసి ఆపేశాను.

కొత్తగా చూడాలనుకునేవాళ్ళు యూట్యూబ్‌లో మొదటి ఆరేడేళ్ళ ఎపిసోడ్లు వెతుక్కోండి. బొమ్మ మసకగా ఉంటుంది, ఓపిక పట్టండి. ఆ తర్వాతవి ఇస్త్రీ చేసుకుంటూ చూడొచ్చు.

2025 ఏప్రిల్‌లో ఏసీపీ ప్రద్యుమన్‌ని చంపేశారు. ఛానెల్ వాళ్ళు నివాళి పోస్టు కూడా పెట్టారు. నేను ఎపిసోడ్ చూడలేదు, వార్త చదివి నాన్నకి ఫోన్ చేశాను. రిటైరయ్యాక కూర్మన్నపాలెంలో ఉంటున్నారు.

"ఎవరమ్మా పోయారు?" అన్నారు, పాత గొంతుతోనే.

"ఏసీపీ."

"శవం నువ్వు చూశావా?"

"లేదు, చదివాను."

"అయితే పోలేదు."

కొన్ని వారాలకే ప్రద్యుమన్ తిరిగొచ్చాడు. మురీ మిక్చర్ బాకీ నాదే. ఈసారి డబ్బులు కూడా నావే.