తడిసి మోపెడు కాని డైవింగ్ సామాను

విమానంలో వెళ్లి స్కూబా డైవింగ్ (సిలిండర్ గాలి పీలుస్తూ నీళ్ల అడుగున ఈదడం) చేసేవాళ్లు సామాను కొనేటప్పుడు డబ్బా మీద అచ్చేసిన బరువు చూస్తారు. అది పొడి బరువు. వెళ్లేటప్పుడు ఎవరైనా ఎలాగోలా సర్దుకుంటారు. తిప్పలన్నీ తిరిగొచ్చేటప్పుడే, సామాను సగం తడిగా ఉన్నప్పుడే. ట్రావెల్ బీసీడీ (సిలిండర్‌ని వీపుకి పట్టి ఉంచే, గాలి నింపుతూ వదులుతూ తేలడాన్ని అదుపు చేసే జాకెట్), పొట్టి ఫిన్స్ (కాళ్లకి తొడిగే ఈత రెక్కలు), 3 మి.మీ. వెట్‌సూట్ (ఒంటి వేడి నిలిపే రబ్బరు సూటు), నా సొంత రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది) కొన్నేళ్లుగా వెంట తిప్పుతున్నాను. వాటిలో ఏది ఎంత తేలికో కాదు, ఏది ఎంత త్వరగా ఆరుతుందో చూసి మార్కులు వేస్తున్నాను.

ముందు బీసీడీ. మామూలు జాకెట్ రకం మూడున్నర, నాలుగు కిలోలు తూగుతుంది. ట్రావెల్ రకం రెండు, రెండున్నర. వెనక గట్టి ప్లాస్టిక్ పలక ఉండదు కాబట్టి మడతపడుతుంది. బరువు తగ్గడం కన్నా ఇదే పెద్ద లాభం. పలక ఉన్న బీసీడీ పెట్టెలో సగం చోటు తినేసి, చుట్టూ పనికిరాని ఖాళీలు వదులుతుంది. దీన్నైతే నేను పెట్టె అడుగున పరిచి, మధ్యలో మాస్క్ డబ్బా పెట్టి, రెండు రెక్కలూ దాని మీదికి మడిచేస్తాను.

పలక లేకపోవడం వల్ల నష్టమూ ఉంది. సిలిండర్ వీపు మీద కుదురుగా కూర్చోదు. ఊగే పడవ మీద రెండడుగులు వేస్తే పక్కకి ఒరుగుతుంది. నీళ్లలోకి దిగాక ఆ సంగతే గుర్తుండదు. నా దానికి సిలిండర్ బెల్టు కూడా ఒక్కటే. నైలాన్ బెల్టు తడిస్తే సాగుతుంది. పొడిగా ఉన్నప్పుడు ఎంత బిగించినా, నీళ్లలో కాసేపటికి సిలిండర్ మెల్లగా కిందికి జారుతుంది. అందుకే బెల్టును ముందు నీళ్లలో ముంచి తీసి, అప్పుడు బిగిస్తాను. తర్వాత బీసీడీని పై పిడి దగ్గర పట్టుకుని ఎత్తి, గట్టిగా రెండుసార్లు కుదుపుతాను. సిలిండర్ కదలకుండా దానితోపాటే లేస్తే సరే, వేలెడు జారినా మళ్లీ మొదటికే. రెండు బెల్టులున్నవాళ్లకి ఈ గొడవ ఇంత ఉండదు.

అరుగుదల విషయానికొస్తే, గుడ్డ పల్చనిదని మొదట్లో భయపడ్డాను. బెంచీలకి ఒరుసుకునే కింది అంచు దగ్గర పోగులు లేచాయి గానీ గాలి మాత్రం ఎక్కడా కారలేదు. బరువు తగ్గించాలని పెట్టిన ప్లాస్టిక్ డి-రింగులే (సామాను తగిలించే D ఆకారపు రింగులు) తొందరగా మొరాయించాయి. భుజం మీది రింగు ఒకటి విరిగితే స్టీలుది వేయించాను. జేబులు కూడా నామమాత్రమే. ఎస్‌ఎంబీ (మనమెక్కడున్నామో పడవకి చూపే గాలి బుడగ), దాని దారపు స్పూలు కలిపి కుక్కితే జిప్పు పడదు. అవి ఇప్పుడు నడుము వెనక కొక్కేనికి వేలాడుతున్నాయి.

ఇక ఆరడం. మెత్తలు, ఫోమ్ తక్కువ కాబట్టి బయటి భాగం ఒక పూటలో ఆరిపోతుంది. ఫోమ్ లేకపోతే తేలే గుణమూ తగ్గుతుంది, మునగడానికి పాత జాకెట్‌తో పెట్టుకున్నన్ని సీసం బిళ్లలు దీనికి అక్కర్లేదు. అసలు నీళ్లు దాక్కునేది బ్లాడర్ (బీసీడీ గాలి సంచి) లోపల. గాలి వదిలిన ప్రతిసారీ ఇన్‌ఫ్లేటర్ (గాలి నింపే, వదిలే) గొట్టంలోంచి కాస్త ఉప్పునీరు లోపలికి పోతుంది. బీసీడీని తలకిందులుగా పట్టుకుని బటన్ నొక్కితే గ్లాసుడు వస్తుందనుకుంటాం. వారం డైవ్‌ల తర్వాత కొన్నిసార్లు లీటరు దాకా వచ్చింది. అంటే ఒక కిలో. దుకాణంలో బోలెడంత బేరమాడి తగ్గించుకున్న బరువులో సుమారు మూడింట రెండు వంతులు అక్కడే వెనక్కి వచ్చి కూర్చుంటుందన్నమాట. మంచినీళ్లు పోసి, గాలి నింపి, అటూ ఇటూ ఊపి పారబోయాలి. తర్వాత మళ్లీ గాలి నింపి నీడలో వేలాడదీయాలి. గాలి లేకుండా వేలాడదీస్తే లోపలి పొరలు ఒకదానికొకటి అతుక్కుని తడి అలాగే ఉండిపోతుంది.

ఇదంతా చేయడానికి టైమెక్కడిది అంటారా? టైము ఎలాగూ ఇవ్వక తప్పదు. విమానం క్యాబిన్‌లో గాలి ఒత్తిడి దాదాపు 2,400 మీటర్ల ఎత్తులో ఉండేంత వరకు తగ్గొచ్చు. డైవ్‌లో పీల్చిన గాలి నుంచి ఒంట్లో ఇంకి మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టొచ్చు కాబట్టి వెంటనే ఆ ఎత్తుకి పోవడం ప్రమాదం. ఒక్క డైవే చేస్తే కనీసం 12 గంటలు, రోజుకి ఒకటికి మించి గానీ వరుసగా కొన్ని రోజులు గానీ చేస్తే కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కమని డైవర్ల భద్రతా సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన. పైకొచ్చేటప్పుడు మధ్యలో ఆగే డీకంప్రెషన్ స్టాపులు అవసరమైన డైవ్‌లకి అంతకన్నా చాలా ఎక్కువ. నేను రోజంతా వదిలేస్తాను. ఆ రోజు నాకెంత విశ్రాంతో సామానుకీ అంతే.

ఆ రోజులో కూడా ఆరనివి మడమ పట్టీ ఫిన్స్ కింద వేసుకునే నియోప్రీన్ (రబ్బరు ఫోమ్) బూట్లు. అందుకే ఫిన్స్ విషయంలో మడమ పట్టీ రకం వదిలేసి, పాదం మొత్తం దూరే ఫుల్‌ఫుట్ రకానికి మారాను. బూట్ల బరువు పోయింది, తడి పోయింది, కంపు కూడా పోయింది. దీని కష్టాలు దీనివి. రాళ్ల తీరం మీంచి నడిచి దిగాల్సిన చోట అరికాళ్లు అబ్బా అంటాయి, పడవ డైవ్‌లకైతే ఇబ్బంది లేదు. పల్చటి సాక్సు వేసుకోకపోతే మడమ దగ్గర బొబ్బ ఖాయం. పొట్టి బ్లేడు పెట్టెలో చక్కగా పడుతుంది గానీ, ఎదురు ప్రవాహంలో పిక్కలు ఆ లోటు పూడ్చాలి. ప్రవాహాలకి పేరుపడ్డ చోట్లకే ఎక్కువగా వెళ్లేవాళ్లు పొడుగు ఫిన్స్ మోసుకెళ్లడమే మంచిది.

రెగ్యులేటర్, డైవ్ కంప్యూటర్, మాస్క్ చేతి బ్యాగులోనే. 7 కిలోల పరిమితి ఉన్న విమానాల్లోనూ ఇవి సరిపోతాయి. రెగ్యులేటర్ సెట్టు రెండు, రెండున్నర కిలోలే గానీ, ఆ ఇత్తడి ముద్ద, చుట్టూ గొట్టాలు ఎక్స్‌రేలో అనుమానంగానే కనిపిస్తాయి. ఎలాగూ తెరిచి చూపించమంటారు కాబట్టి పైనే పెట్టుకుంటాను. ఫస్ట్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కి తగిలించే భాగం) మరలా తిప్పి బిగించే డిన్ రకమైతే, చట్రంతో బిగించే యోక్ రకం కన్నా కొంత తేలిక, కానీ చాలా డైవ్ సెంటర్ల సిలిండర్లకి అడాప్టర్ కావాలి, దాంతో ఆ తేడా కాస్తా హుళక్కి. అల్లిక హోస్‌లు (పైన పోగులతో అల్లిన గాలి గొట్టాలు) తేలిక, చిన్న చుట్టగా చుట్టుకుంటాయి. అయితే కొన్నిటిలో లోపలి పాలీయురేథేన్ పొర వేడికీ తేమకీ స్ఫటికాల్లా గట్టిపడి గాలి దారికి అడ్డుపడిన ఉదంతాలున్నాయి. అది చదివాక నోటికి గాలి వచ్చే హోస్‌ని రబ్బరుదే ఉంచుకున్నాను. వంద గ్రాముల కోసం అక్కడ కక్కుర్తి అనవసరం.

టార్చి విడి లిథియం బ్యాటరీలు కూడా చేతి బ్యాగులోకే, కింద లగేజీలో వేయకూడదు. టార్చిల్లో వాడే 18650 సైజు బ్యాటరీ ఒకటి సుమారు 12 వాట్ అవర్లు, మామూలు పరిమితి 100. కాబట్టి శక్తి గురించి కాదు, కొనలు తగిలి షార్ట్ అవడం గురించి జాగ్రత్త పడాలి. ప్రతిదాన్నీ ప్లాస్టిక్ డబ్బీలో పెడతాను. డైవ్ టార్చి గాలిలో వెలిగితే విపరీతంగా వేడెక్కుతుంది, అందుకే దాన్లోంచి బ్యాటరీ తీసేసే ప్రయాణం చేస్తాను. కత్తి, లైన్ కట్టర్ కింద లగేజీలోకి.

స్టీలు బ్యాక్‌ప్లేట్ (బీసీడీ బదులు వీపుకి కట్టుకునే పలక) వాడితే సీసం అంత తగ్గుతుందిగా అని కొందరంటారు. నీళ్లలో నిజమే. కానీ సీసం డైవ్ సెంటర్‌లో దొరుకుతుంది, రెండున్నర కిలోల పైచిలుకు పలకని విమానంలో మనమే మోయాలి. ట్రావెల్ బీసీడీలో ఆ ఊగులాట భరించలేనివాళ్లకి కిలో లోపు ఉండే అల్యూమినియం పలక, దానికి తగిలించే చిన్న వింగ్ (గాలి సంచి) మంచి మధ్యేమార్గం. చల్లటి నీళ్లలో 7 మి.మీ. సూటుతో దిగేవాళ్లు, పెద్ద కెమెరా మోసేవాళ్లు నా సెట్టు కొనకపోవడమే మేలు. వెచ్చటి నీళ్లకి, ఒక్క సిలిండర్‌కి మాత్రం పది మార్కులకి ఎనిమిది ఇస్తాను. రెండు మార్కులు ఆ ఒంటి బెల్టుకీ, ప్లాస్టిక్ రింగులకీ కోత.

చక్రాల డైవ్ బ్యాగు ఖాళీగానే నాలుగు కిలోలు ఉంటుంది కాబట్టి దాన్ని మానేసి మామూలు గుడ్డ సంచి వాడుతున్నాను. లగేజీ తూచే చిన్న స్ప్రింగు తూకం ఒకటి అందులోనే పడి ఉంటుంది. బయల్దేరే ముందు తూచి ఫోన్‌లో రాసుకుంటాను, తిరుగు ప్రయాణం ముందు రాత్రి మళ్లీ తూస్తాను. అర కిలోకి మించి తేడా వస్తే సంచి విప్పి ముందుగా వెట్‌సూట్ చంకలు, మోకాళ్లు తడిమి చూస్తాను. తర్వాత బ్లాడర్‌ని ఇంకోసారి తలకిందులు చేస్తాను.