నాలుగేళ్లలో 23 గుడ్డ బొమ్మలు: ఏ దూది నిలిచింది, ఏ గుడ్డ కుదిరింది

మా పాపకి ఏడాది నిండినప్పుడు మొదటి బొమ్మ కుట్టాను. ఇప్పుడు పాపకి ఐదేళ్లు. మధ్యలో 23 బొమ్మలయ్యాయి. వాటిలో 14 ఇంకా రోజూ ఆటలో ఉన్నాయి. పక్కన పెట్టేసిన తొమ్మిదిలో గుడ్డ చిరిగినవి రెండే. మిగతావన్నీ దూది గడ్డలు కట్టో, మెడ వాలిపోయో, కుట్టు విడిపోయో పోయాయి. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి గుడ్డకన్నా ముందు దూది గురించి చెప్తాను.

మొదటిది ఏనుగు. అమ్మ పాత దిండు విప్పి బూరుగు దూది ఇచ్చింది. చేతికి ఎంత మెత్తగా ఉంటుందో! కానీ కూరుతుంటే ఇల్లంతా ఎగిరింది, ముక్కుకి గుడ్డ కట్టుకుని పని పూర్తి చేశాను. మూడు నెలలకి పాప దాని మీద పాలు ఒలకబోసింది. ఉతికి ఎండలో పెడితే పైన ఆరింది గానీ లోపల రెండు రోజులైనా చెమ్మ పోలేదు. ఆరాక చూస్తే అంతా గడ్డలు. దిండుకి బూరుగు దూది అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. ఉతకాల్సిన పిల్లల బొమ్మకి మాత్రం వద్దు.

ఆ తర్వాత అన్నిట్లో దిండ్ల షాపుల్లో కిలోల లెక్కన దొరికే పాలిస్టర్ ఫైబరే వాడుతున్నాను. అడుగు ఎత్తు బొమ్మకి నాకు సుమారు 200 గ్రాములు పడుతుంది. బొమ్మని దిండు గలీబులో మూటకట్టి వాషింగ్ మిషన్‌లో వేసినా ఆకారం చెడలేదు, ఒక్క మంచి ఎండకి ఆరిపోతుంది. అయితే ఉండలా పట్టుకుని తోసేయకూడదు. చిన్న చిన్న పాయలుగా విడదీసి ముందు కాళ్ల చివర్లు, ముక్కు, తర్వాత మెడ నింపాలి. నేను పెన్సిల్ వెనక వైపుతో తోస్తాను. రెండో బొమ్మ చేస్తుంటే అమ్మ నొక్కి చూసి, "ఇంకా కూరవే, నెల తిరిగేసరికి కుంగిపోతుంది" అంది. నేను వినలేదు. ఆ కుందేలు తల నెలలోపే వాలిపోయింది.

గుడ్డల్లో మొదటిసారికి ఫ్లీస్ తీసుకోండి, చలి దుప్పట్లకి వాడే మెత్తటి గుడ్డ. అంచుల్లో దారాలు ఊడవు, కాస్త వంకరగా కుట్టినా కనపడదు. పాత టీషర్టుతో కుట్టిన ఎలుగుబంటి దూది పెట్టేకొద్దీ సాగి పొట్ట ఉబ్బింది. వెనక పేస్టింగ్ గుడ్డ (ఇస్త్రీ చేస్తే అతుక్కునేది) అంటించి కుట్టాక ఆ బాధ తప్పింది. బొచ్చు గుడ్డ చూడ్డానికి బాగుంటుంది, అందరూ ముందు దాన్నే కొంటారు. నాలుగైదు బొమ్మలు కుట్టేదాకా ఆగమంటాను. దాన్ని వెనక వైపు నుంచి కత్తెర మొనతో అడుగు గుడ్డ మాత్రమే కత్తిరించాలి, బొచ్చు వాలు అన్ని ముక్కల్లో ఒకే వైపు ఉండాలి. కుట్టినంతసేపూ మిషన్ నిండా బొచ్చే.

మిషన్ అమ్మ వాడిన తొక్కుడు మిషనే. 14 నంబర్ సూది, పాలిస్టర్ దారం, పావు అంగుళం మార్జిన్ చాలు. వంపుల దగ్గర కుట్టుకి తగలకుండా గాట్లు పెట్టాకే లోపలి వైపు బయటికి తిప్పాలి, లేకపోతే చెవులు ముడతలు పడతాయి. దూది కూరే నోరు మూయడం చేతి కుట్టుతోనే. ఇటు మడతలో ఒక పోటు, అటు మడతలో ఒక పోటు, నిచ్చెన మెట్లలా వేసి దారం లాగితే కుట్టు లోపలికి దాక్కుంటుంది. అక్కడ నేను రెండు పోగుల దారం వాడతాను.

కళ్ల విషయంలో నాకు ఇప్పటికీ గుండె దడ. కుందేలుకి కుట్టిన బొత్తాం ఒకటి ఊడి పాప గుప్పిట్లో కనిపించింది. నోట్లో పెట్టుకోలేదు కాబట్టి సరిపోయింది. మూడేళ్లలోపు పిల్లలుంటే బొత్తాలు, పూసలు, ప్లాస్టిక్ కళ్లు ఏవీ వద్దు, దారంతోనే కుట్టండి.

మొదటి బొమ్మగా ఏనుగునే ఎంచుకోమంటాను. సన్నటి మెడ ఉండదు, నాలుగు కాళ్ల మీద నిలబడుతుంది. జర్మనీలో మార్గరెట్ స్టైఫ్, చిన్నప్పుడే పోలియోతో నడక పోయిన మనిషి, 1880లో ఫెల్టు గుడ్డతో సూదులు గుచ్చి పెట్టుకోడానికి ఏనుగు ఆకారం దిండ్లు కుడితే పిల్లలు వాటితో ఆడుకోవడం మొదలుపెట్టారు. ఆమె బొమ్మల కంపెనీ అలా మొదలైంది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా ఏనుగు పొట్ట విప్పాను. గడ్డకట్టిన బూరుగు దూదంతా తీసేసి, గుడ్డ ఉతికి, ఫైబర్ గట్టిగా కూరి మళ్లీ కుట్టాను. పాప రెండు చేతులతో ఎత్తి చూసి, "అమ్మా, ఇది ఇప్పుడు బాగా అన్నం తింటోంది" అంది. ఆ రాత్రి నుంచి మళ్లీ దాని పక్కనే పడుకుంటోంది.